మా అమ్మాయి 16 ఏళ్ళకే సంఘ పెద్ద అయ్యింది, ఎనిమిది నెలలకే మానేస్తానంటోంది

షార్లెట్_సుగుణ
నేను జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పెరిగాను. మాది సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం). పదకొండేళ్ళుగా నార్త్ కరోలినాలో ఉంటున్నాం. తెలుగు సంఘం ఉంది కానీ గంటన్నర ప్రయాణం. అందుకని ఇంటి దగ్గరున్న ప్రెస్బిటేరియన్ చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాం, పిల్లలిద్దరూ అక్కడే కన్ఫర్మేషన్ (తమ నోటితో విశ్వాసం ఒప్పుకుని పూర్తి సభ్యులవడం) తీసుకున్నారు. పోయిన జనవరిలో వార్షిక సమావేశంలో మా పెద్దమ్మాయిని ఎల్డర్‌గా ఎన్నుకున్నారు. అప్పటికి దానికి 16 ఏళ్ళు. సంఘమంతా చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, పాత ఎల్డర్లందరూ తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. నేను ఏడ్చేశాను. మా అత్తగారికి ఫోన్ చేసి చెబితే "చిన్నపిల్లని పెద్ద అంటారేంటే" అని ఆశ్చర్యపోయింది.

ఇక్కడ సంఘాన్ని నడిపే కమిటీని సెషన్ అంటారు. పాస్టరుగారు కాక పన్నెండుమంది. నెలనెలా రెండో మంగళవారం రాత్రి 7 గంటలకి మీటింగ్. నలభై పేజీల కాగితాలు సోమవారం రాత్రి మెయిల్‌లో వస్తాయి. మంగళవారం దానికి స్కూలు, ఆర్కెస్ట్రా. కార్లో చదువుకుంటూ వెళ్తుంది. ఈ రాష్ట్రంలో కొత్త లైసెన్సు ఉన్న పిల్లలు రాత్రి 9 దాటాక ఒంటరిగా కారు నడపకూడదు. మీటింగ్ తొమ్మిదిన్నర దాకా సాగుతుంది కాబట్టి పార్కింగ్‌లో నేను కూర్చుని ఉంటాను.

ఎనిమిది నెలల్లో దాన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. అన్నీ అయిపోయాక చివర్లో "యూత్ సంగతులేంటమ్మా?" అంటారట. ఇది రెండు ముక్కలు చెబుతుంది, అందరూ నవ్వుతారు, ముగింపు ప్రార్థన.

మొన్నటి మీటింగ్‌లో యూత్ రూముని పనిరోజుల్లో ప్రీస్కూల్‌కి అద్దెకివ్వాలని తీర్మానం చేశారు. ఆ గదిలో ఒక గోడంతా కన్ఫర్మేషన్ పిల్లల పేర్లే, ఏ ఏడాది బ్యాచ్ ఆ ఏడాది మార్కర్‌తో రాసుకున్నవి. దానికి రంగు వేసేస్తారట. ఈ సంగతి మా అమ్మాయికి ఆ రాత్రే తెలిసింది. అప్పటికే అందరూ మాట్లాడేసుకుని వచ్చినట్టున్నారు. ఇది గొంతు పెగలక చెయ్యి ఎత్తలేదు. కార్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకోకుండా పది నిమిషాలు అలాగే ఉండిపోయింది. "అమ్మా, నేను అక్కడ ఎందుకున్నాను?" అంది.

మావారు మానిపించెయ్, కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్.ఏ.టి. ఉంది అంటున్నారు. నాకేమో చేతులు పెట్టి ప్రార్థన చేసినప్పుడు ఇచ్చిన మాట గుర్తొస్తోంది. ఏం చెయ్యమంటారు?

నంద్యాల_నవీన్
అక్కా, అసలు 16 ఏళ్ళ పిల్లని ఎల్డర్ ఎలా చేస్తారు? మా దగ్గర 21 నిండందే ఓటు కూడా ఇవ్వరు.

కొలంబస్_ప్రసన్న
నవీన్‌గారూ, ఆ చర్చిలో వయసు నిబంధన లేదు. కన్ఫర్మేషన్ తీసుకుని క్రియాశీల సభ్యుడైతే చాలు, పద్నాలుగేళ్ళవాడైనా సంఘ సమావేశంలో ఓటు వెయ్యొచ్చు, ఎల్డర్‌గా ఎన్నిక కావచ్చు.

తెలియనివాళ్ళ కోసం: ప్రెస్బుటెరోస్ అంటే గ్రీకులో పెద్ద. పెద్దల చేత నడిచే సంఘం కాబట్టి ఆ పేరు. జెనీవాలో సంఘ సంస్కర్త కాల్విన్ దగ్గర మొదలై, ఆయన శిష్యుడు నాక్స్ కాలంలో 1560లో స్కాట్లండ్‌లో పాదుకుని, అక్కడి నుంచి అమెరికాకి వచ్చింది. బిషప్ ఉండడు. స్థానిక సంఘంలో సెషన్, ఆ పైన చుట్టుపక్కల సంఘాల సభ ప్రెస్బిటరీ, దాని పైన ప్రెస్బిటరీలన్నీ కలిసిన సినడ్, అన్నిటికీ పైన రెండేళ్ళకోసారి జనరల్ అసెంబ్లీ. పై సభలు అన్నిట్లోనూ పాస్టర్లూ ఎల్డర్లూ దాదాపు సగం సగం కూర్చుంటారు. సెషన్‌లో మూడేళ్ళ పదవి. వరసగా ఆరేళ్ళు మించి ఉండకూడదు, కనీసం ఏడాది దిగి ఉండాలి. ఒకే మనిషి పాతికేళ్ళు కుర్చీ పట్టుకుని కూర్చోవడం ఆ పద్ధతిలో కుదరదు.

సుగుణగారూ, ఒక్క మాట. సెషన్ నుంచి దిగిపోయినా మీ అమ్మాయి ఎల్డరే. ఆ అభిషేకం జీవితాంతం ఉంటుంది, పోయేది పదవీకాలం ఒక్కటే. కాబట్టి "మాట తప్పడం" అనే బరువు దాని మీద వెయ్యకండి.

మోజెస్_మాస్టారు
అమ్మా సుగుణా, బాధగా ఉందని ఒప్పుకుంటాను. కానీ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పనియ్యి. ఆ పిల్లని అక్కడ కూర్చోబెట్టడమే తప్పు. నేను ముప్పై ఏళ్ళు సంఘ కమిటీలో ఉన్నాను. కమిటీలో ఏం వస్తాయో నాకు తెలుసు. ఫలానా ఇంట్లో మొగుడూపెళ్ళాల గొడవ, ఫలానా ఆయన అప్పు, పాస్టరుగారి జీతం కోత, ఎవరో ఎవరి మీదో పెట్టిన ఫిర్యాదు. పదహారేళ్ళ పిల్ల చెవిన పడాల్సిన సంగతులా ఇవి? సొలొమోను కొడుకు రెహబాము రాజు పెద్దల ఆలోచన తోసేసి తనతోపాటు పెరిగిన కుర్రాళ్ళ మాట విన్నాడు. రాజ్యం రెండు ముక్కలైంది. పదేళ్ళు ఆగితే కొంప మునగదు.

తెనాలి_టైటస్
మాస్టారు చెప్పింది నిజం. ముందు కుర్రకారు ప్రార్థన కూడికలకి సరిగ్గా రావడం నేర్చుకోవాలి.

కొలంబస్_ప్రసన్న
మాస్టారూ, రెహబాము కుర్రాళ్ళు సలహా చెప్పింది ప్రజల మీద కాడి ఇంకా బరువు చెయ్యమని. వాళ్ళు రాజుగారి పక్కన పెరిగినవాళ్ళు, కాడి మోసినవాళ్ళు కాదు. వాళ్ళ వయసు కంటే అదే అసలు లోపం అనిపిస్తుంది నాకు. యోబు గ్రంథంలో ఎలీహు ఏం చేశాడు? తను చిన్నవాణ్ణని ముగ్గురు పెద్దలూ మాట్లాడేదాకా నోరు విప్పలేదు. చివరికి వయసు మీదపడినంత మాత్రాన జ్ఞానం వస్తుందని లేదు అన్నాడు. యోబు స్నేహితుల్ని దేవుడు తప్పుపట్టాడు, ఎలీహుని తప్పుపట్టినట్టు లేదు.

రాలీ_రూబెన్
నాది ఇదే కథ, అందుకే రాస్తున్నా.

17 ఏళ్ళకి నన్నూ సెషన్‌లో పెట్టారు. వేరే రాష్ట్రం, వేరే చర్చి. మొత్తం సంఘంలో గోధుమరంగు మొహాలు మావి నాలుగు. నేను కుర్రాణ్ణి, ఇండియన్‌ని. ఒక్క మనిషితో రెండు లెక్కలు సరిపెట్టేశారు. చర్చి కరపత్రం మీద నా ఫొటో రెండేళ్ళు ఉంది. మీటింగ్‌లో నా మాట ఒక్కటీ మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఒకసారి ధైర్యం చేసి బడ్జెట్ గురించి అడిగా. ట్రెజరర్ చాలా ప్రేమగా "అది కొంచెం చిక్కు విషయం, తర్వాత చెప్తాలే" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

కోప్పడితే తిరిగి కోప్పడొచ్చు. ప్రేమగా పక్కన పెడితే ఏం చెయ్యాలో ఆ వయసులో తెలీదు. కాలేజీకి వెళ్ళాక ఆరేళ్ళు ఏ చర్చి గుమ్మం ఎక్కలేదు. అక్కా, మానిపించేముందు దాన్ని ఒక్కటి అడగండి: "నీకు సెషన్ అక్కర్లేదా, లేక అక్కడ నిన్ను కూర్చోబెట్టిన తీరు అక్కర్లేదా?" నన్ను ఎవరూ అడగలేదు.

షార్లెట్_సుగుణ
రూబెన్, నీ మాట చదివి లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను. కరపత్రం మీద మా అమ్మాయి ఫొటో కూడా ఉంది. ఇప్పటిదాకా అది గొప్పగానే అనుకున్నాను. రాత్రి అడుగుతాను.

నల్లగొండ_నాని
అమెరికాలో కనీసం కుర్చీ అన్నా ఇచ్చిన్రు. మా దగ్గర యూత్ అంటే క్రిస్మస్ స్టార్ కట్టుడు, పందిరి ఏసుడు, కరోల్స్‌కి జీపు మాట్లాడుడు, సౌండ్ బాక్సులు మోసుడు. కుర్చీలు ఏసేది మేము, కూసునేది పెద్దమనుషులు.

రెండేండ్ల కింద కరోల్స్‌ల వచ్చిన కానుకలు మేమే ఇండ్లిండ్లు తిరిగి తెచ్చినం. జనవరిల నేనూ మా దోస్తూ పోయి లెక్క ఎంతయిందని అడిగినం. సెక్రటరీ టేబుల్ మీద ఎర్ర అట్ట పుస్తకం ఉంది. మేం అడగంగనే దాని మీద చెయ్యి పెట్టి మూసిండు. "లెక్కలడిగే వయసా మీది?" అన్నడు. నాకు అప్పుడు 26. బ్యాంకుల పని చేస్త. పొద్దంతా లెక్కలే సూస్త.

తెనాలి_టైటస్
నాని తమ్ముడూ, అది తప్పే. లెక్క చూపించాలి. నేను కూడికల గురించి అన్నాను కానీ పుస్తకం ముయ్యమని అనలేదు.

ఐజ్వాల్_ఆనంద్
నాని మాట చదివాక మిజోరం గుర్తొచ్చింది. నేను ఐజ్వాల్ ఎన్.ఐ.టి.లో చదివాను. మా బ్యాచ్‌లో తెలుగువాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం. అక్కడ ఊరంతా ప్రెస్బిటేరియనే అనుకోవచ్చు, వెల్ష్ మిషనరీలు నాటింది. స్నేహితుడితో కలిసి ఆదివారాలు గుడికి వెళ్ళేవాణ్ణి. మధ్యలో పెద్ద డోలు, చుట్టూ పాట.

అక్కడ యువజనులకి క్రిస్తియన్ థలాయ్ పోల్ అని సొంత సంఘం ఉంది, అందరూ కె.టి.పి. అంటారు. స్థానిక సంఘం ఉన్న ప్రతిచోటా దాని శాఖ ఉంటుంది. నాయకుల్ని వాళ్ళే ఎన్నుకుంటారు. నా స్నేహితుడు 19 ఏళ్ళకి అందులో కార్యదర్శి. హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుని మినిట్స్ శుద్ధప్రతి రాసుకునేవాడు. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పదింటికి కోశాధికారికి ఫోన్. వాళ్ళలో చాలామంది తర్వాత ఉపాలు అవుతారు. ఉపా అంటే వాళ్ళ భాషలో సంఘ పెద్ద. ఆ వేళకి మీటింగ్ నడపడం చేతికి వచ్చేసి ఉంటుంది.

అయితే మెచ్చుకోలు ఒక్కటే చెబితే తప్పవుతుంది. అక్కడా సంఘం పెద్ద నిర్ణయాలు ఉపాల చేతిలోనే, ఆ ఉపాలందరూ మగవాళ్ళే నేను చూసినంతవరకు. కుర్రాళ్ళకి వేరే ఇల్లు కట్టిచ్చారు, పెద్దింట్లో గది ఇవ్వలేదు అని నా స్నేహితుడే అనేవాడు.

మోజెస్_మాస్టారు
ఆనంద్ చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. ముందు చిన్న సంఘంలో నేర్చుకుని తర్వాత పెద్ద సంఘానికి రావాలి. నేననేదీ అదే. నానీ, ఆ పుస్తకం మూసినవాడి తరఫున నేను మాట్లాడటం లేదు నాయనా. మా సంఘంలో ప్రతి జనవరి లెక్కలు గోడకి అంటిస్తాం.

దయా_టెక్సస్
రూబెన్‌కి జరిగింది నాకు జరగలేదు, కానీ సగం సగం జరిగింది. ఇంకో మెట్టు పైన ఎలా ఉంటుందో చెబుతాను.

2018లో సెయింట్ లూయిస్‌లో జనరల్ అసెంబ్లీకి నన్ను మా ప్రెస్బిటరీ యువ సలహా ప్రతినిధిగా పంపింది. కుర్రవయసువాళ్ళకి అది. నాకు అప్పుడు 20. అక్కడ రెండు రకాల ఓటు ఉంటుంది. మొదట సభని కమిటీలుగా విడగొడతారు. కమిటీ గదిలో మాది అందరితో సమానమైన ఓటు. మైకు పట్టుకోవచ్చు, మోషన్ పెట్టొచ్చు, లెక్కలో పడుతుంది. తర్వాత అందరూ పెద్ద హాల్లోకి వస్తారు. అక్కడ మాది సలహా ఓటు మాత్రమే. మేం ముందు ఓటేస్తే ఫలితం పెద్ద తెర మీద కనిపిస్తుంది. దాన్ని చూశాక కమిషనర్లు, అంటే పూర్తి ఓటు ఉన్న పాస్టర్లూ ఎల్డర్లూ, అసలు ఓటు వేస్తారు.

తెర మీద మా వైపు ఒక అంకె, నిమిషం తర్వాత వాళ్ళ వైపు దానికి సరిగ్గా ఎదురుగా ఇంకో అంకె కనిపించినప్పుడు కడుపులో ఏదో జారినట్టుంటుంది. పక్కన కూర్చున్న అమ్మాయి, ఒహైయో నుంచి వచ్చింది, బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది.

కానీ ఇంకో రోజు ఉంది. ఆ అసెంబ్లీలో బెయిలు డబ్బు కట్టలేక జైల్లో మగ్గుతున్నవాళ్ళ కోసం కానుక పట్టారు. 47 వేల డాలర్లకి పైగా వచ్చింది. ఆ డబ్బు అందించడానికి సభ సభంతా లేచి కన్వెన్షన్ సెంటర్ నుంచి సిటీ జైలు దాకా నడిచాం. జూన్ ఎండ. ముందు మేమూ ఉన్నాం, వెనక తెల్లజుట్టు ఎల్డర్లూ ఉన్నారు, చక్రాల కుర్చీల్లో వచ్చినవాళ్ళూ ఉన్నారు. తీర్మానం అంటే కాగితం అనుకునేదాన్ని, ఆ రోజు కాళ్ళతో నడిచింది.

సుగుణ ఆంటీ, మీ అమ్మాయికి ఇది చెప్పండి: నాకు హాల్లో సలహా ఓటే, తనకి సెషన్‌లో పూర్తి ఓటు ఉంది. ఆ విషయంలో తను నాకంటే పెద్ద.

నంద్యాల_నవీన్
ఒక్క ఓటుతో ఏమవుతుంది చెల్లీ?

దయా_టెక్సస్
2012లో పిట్స్‌బర్గ్ అసెంబ్లీలో ఇజ్రాయెల్ ఆక్రమణతో వ్యాపారం చేస్తున్నాయని మూడు కంపెనీల వాటాలు అమ్మేయాలా వద్దా అని ఓటేశారు. వద్దన్నవాళ్ళు 333, కావాలన్నవాళ్ళు 331, ఎటూ వెయ్యనివాళ్ళు ఇద్దరు. మళ్ళీ 2014లో డెట్రాయిట్‌లో అదే విషయం 310–303తో గెలిచింది. ఎవరిది న్యాయం అనేది ఇక్కడ వద్దు, దాని మీద మా ఇంట్లోనే ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఒక్క ఓటు సంగతి అడిగారు కాబట్టి చెప్పాను.

ఎన్‌జే_విజయ
న్యూజెర్సీలో ఒక ప్రెస్బిటేరియన్ సంఘంలో ఆరేళ్ళు సెషన్‌కి క్లర్కుగా చేశాను. మినిట్స్, సభ్యుల పట్టిక, ఉత్తరాలు నా పని. కాబట్టి నాకు తెలిసింది చేతికి అందేలా చెబుతాను.

ముందు మాస్టారిగారి మాట. రహస్య విషయాలు వస్తే సెషన్ తలుపులు వేసుకుని మాట్లాడుకునే ఏర్పాటు ఉంది. పిల్ల కూర్చోవాలా వద్దా అనేది ముందే పాస్టరూ, తల్లిదండ్రులూ, పిల్లా మాట్లాడుకోవాలి. అది చెయ్యకుండా కూర్చోబెట్టడం పెద్దవాళ్ళ తప్పు. అలాగే సెషన్ వాళ్ళే ఆస్తి బాధ్యత చూసే ట్రస్టీలుగా కూడా ఉన్నచోట, 18 నిండని పిల్లలు చట్టపరమైన కాగితాల విషయంలో ఓటెయ్యకూడదని చాలా రాష్ట్రాల్లో ఉంటుంది. మీ రాష్ట్రం సంగతి మీ క్లర్కుని అడగండి. అంతవరకు మాస్టారితో ఏకీభవిస్తాను. ఆ పైన కాదు.

ఇక "యూత్ సంగతులేంటి" అనే ప్రశ్న. నాకు దాని మీదే కోపం. ఆ సంఘ నియమావళిలోనే ఉంది, ఎల్డర్లు జనం కోరికని మోసుకొచ్చే ప్రతినిధులు కారు, అందరూ కలిసి క్రీస్తు చిత్తం వెతకడానికి కూర్చున్నవాళ్ళు అని. అంటే మీ అమ్మాయి యూత్ ప్రతినిధి కాదు. చర్చి పైకప్పు కారితే అది కూడా తన విషయమే. అభిషేకం రోజు తనని అడిగిన ప్రశ్నల్లో ఒకటి గుర్తు చెయ్యండి: శక్తితో, బుద్ధితో, ఊహతో, ప్రేమతో సేవ చేస్తావా అని. పన్నెండుమందినీ అడిగే ప్రశ్న అదే. ఆమెకి వేరే చిన్న ప్రశ్న ఏం పెట్టలేదు.

గది సంగతి. ఇవి కనుక్కోండి. అద్దె ఒప్పందం మీద సంతకం అయిందా? ఎన్నేళ్ళకి? అయిదేళ్ళు దాటితే ప్రెస్బిటరీ రాతపూర్వక అనుమతి కావాలి. సంతకం కాకపోతే దారి ఉంది. తీర్మానాన్ని తిరిగి పరిశీలించమని అడగడం గెలిచిన వైపు ఓటేసినవాళ్ళకే చెల్లుతుంది, అదీ వెంటనే. కానీ చేసిన తీర్మానాన్ని సవరించమని లేదా రద్దు చెయ్యమని ఏ ఎల్డరైనా, ఎప్పుడైనా మోషన్ పెట్టొచ్చు. ముందుగా నోటీసు ఇస్తే మామూలు మెజారిటీ చాలు. ఇవ్వకపోతే సాధారణంగా మూడింట రెండొంతులు కావాలి. కాబట్టి క్లర్కుకి ఇవాళే మెయిల్ పెట్టించండి. మూడు వాక్యాలు చాలు. నోరు పెగలదంటే రాసుకున్నది చదవమనండి, పెద్దవాళ్ళూ చదువుతారు. ఓడిపోతే "నా అసమ్మతి మినిట్స్‌లో రాయండి" అని అడిగే హక్కు ఉంది. అడిగితే రాయాల్సిందే. నేను రాశాను.

కాగితాలు వారం ముందు పంపాలని కూడా అడగమనండి. అది పన్నెండుమందికీ మేలు. సోమవారం రాత్రి వచ్చిన నలభై పేజీలు డెబ్బయ్యేళ్ళవాళ్ళూ చదవరు, చదివినట్టు తలూపుతారు.

రాలీ_రూబెన్
విజయ ఆంటీ లాంటి క్లర్కు నాకు ఉండి ఉంటే బాగుండేది.

నల్లగొండ_నాని
ఆంటీ, అసమ్మతి రాయించే హక్కు మా రూల్స్‌ల ఉందో లేదో సూడాలె. మా డయాసిస్ (బిషప్ కింద ఉండే సంఘాలన్నిటి) రాజ్యాంగం కాపీ ఒకటి కావాలె. ఎవరిని అడిగినా "ఎందుకు నీకు" అంటున్నరు.

కొలంబస్_ప్రసన్న
తమ్ముడూ, పట్టు వదలకు. మనకీ ఆ వారసత్వం ఉంది. 1908లో ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనల్ వాళ్ళూ కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అయ్యారు, 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులతో కలిసి సి.ఎస్.ఐ. అయింది. సుగుణగారి జమ్మలమడుగు లండన్ మిషన్ ఆ దారినే వచ్చింది. బిషప్పులు ఒకవైపు నుంచి వచ్చారు, కమిటీలూ కౌన్సిళ్ళూ ఇంకోవైపు నుంచి. పాస్టరేట్ కమిటీలో లెక్కడగడం మనకి బయటనుంచి వచ్చిన అలవాటు కాదు.

మాస్టారూ, ఇంకొక్కటి. అమెరికా ప్రెస్బిటేరియన్లలో పెద్ద శాఖ ఆడవాళ్ళని ఎల్డర్లుగా ఒప్పుకున్నది 1930లో, పాస్టర్లుగా 1956లో. మధ్యలో పాతికేళ్ళు "ఇంకా టైం రాలేదు" అన్నారు. 2024లో ఆ సంఘం స్టేటెడ్ క్లర్కుగా, అంటే సంఘమంతటికీ ముఖ్య అధికారిగా, ఎన్నుకున్నది జీహ్యన్ ఓ అనే కొరియన్ అమెరికన్ స్త్రీని. ఆగమన్న ప్రతిసారీ ఎవరు ఆగాల్సి వచ్చిందో ఒకసారి చూడండి.

మోజెస్_మాస్టారు
ప్రసన్నా, ఆడవాళ్ళూ పిల్లలూ ఒకటి కాదు. ఆడవాళ్ళని ఆపడం అన్యాయం, అది నేనూ మా సంఘంలో పోరాడాను. పిల్లవాడు ఆగితే పెద్దవాడవుతాడు. అందుకే ఆగమంటున్నాను. విజయమ్మ చెప్పిన జాగ్రత్తలు బాగున్నాయి. కూర్చోబెట్టారు కాబట్టి ఇప్పుడు ఆ పిల్లని మధ్యలో వదలకూడదు, అది మాత్రం గట్టిగా చెబుతున్నా. సుగుణా, మీటింగ్ ఎప్పుడు? ఆ రోజు ప్రార్థనలో పెట్టుకుంటాను.

షార్లెట్_సుగుణ
అక్టోబరు రెండో మంగళవారం మాస్టారూ.

రూబెన్ చెప్పినట్టే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు మీటింగులు ఇష్టమే, అమ్మా. డబ్బు ఎక్కడికి పోతుందో చూడటం ఇష్టం" అంది. నేను అది ఊహించలేదు. మెయిల్ తనే రాసుకుంది. నన్ను చూడనివ్వలేదు.

ఎన్‌జే_విజయ
చూడనివ్వకపోవడం మంచిదే.

షార్లెట్_సుగుణ
నిన్న రాత్రి అయింది. పార్కింగ్‌లో పది గంటల దాకా కూర్చున్నాను. తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ముందు "అద్దె కాగితం మీద సంతకం అయిందా" అని అడిగిందట. ట్రెజరర్ శుక్రవారం పెడదామనుకున్నామన్నాడు. ఒప్పందం ఏడాదికే. అప్పుడు తన కాగితం తీసి చదివింది. అద్దెకివ్వడం ఆపమని అడగలేదు. పైకప్పుకి డబ్బు కావాలని తనకీ తెలుసంది. బుధవారం సాయంత్రాలూ ఆదివారాలూ గది యూత్‌కే ఉండాలి, తాళంచెవి ఒకటి యూత్ దగ్గర ఉండాలి, పేర్ల గోడకి రంగు వెయ్యకూడదు. ఇదీ తన సవరణ.

ఎవరైనా సెకండ్ చేస్తారా, అంటే బలపరుస్తారా అని పాస్టరుగారు అడిగారు. ఎవరూ పలకలేదు. తనకి చెవుల్లో గుండె కొట్టుకోవడం వినిపించిందట. అప్పుడు బల్ల చివర కూర్చునే పెద్దాయన, ఎనభైకి దగ్గర్లో ఉంటాడు, మీటింగుల్లో దాదాపు మాట్లాడడు, చెయ్యి ఎత్తాడు. "మా అబ్బాయి పేరు కూడా ఆ గోడ మీద ఉంది" అన్నాడట. ఆ అబ్బాయి చనిపోయి తొమ్మిదేళ్ళయింది. గోడ మీద ఆ అబ్బాయి పేరుందని మీటింగ్‌లో ఎవరికీ అప్పటిదాకా గుర్తులేదు.

తర్వాత ముప్పావుగంట వాదన. ప్రీస్కూల్ లైసెన్సుకి గోడలు శుభ్రంగా ఉండాలని ఒకామె అన్నారు. చివరికి గోడ సంగతి విడిగా ఓటు పెట్టారు. గదీ తాళంచెవీ 7–5తో గెలిచింది. గోడ 4–8తో ఓడిపోయింది. మా అమ్మాయి అసమ్మతి రాయమంది. పెద్దాయన కూడా రాయమన్నాడు. క్లర్కు ఇద్దరి పేర్లూ రాసింది. రంగు వెయ్యకముందు గోడంతా ఫొటోలు తీసి చర్చి రికార్డుల్లో పెట్టాలని పాస్టరుగారే అన్నారు. కాగితాలు ఇకనుంచి గురువారానికే వస్తాయి.

కార్లో సీటు బెల్టు పెట్టుకుని "గోడ పోయింది" అని ఏడ్చింది. ఇంటికొచ్చాక అన్నం తింది. పొద్దున చూస్తే వంటింటి క్యాలెండర్‌లో నవంబరు మంగళవారం మీద తనే గుండ్రం చుట్టి ఉంది. మానేస్తావా అని నేను అడగలేదు.

రాలీ_రూబెన్
ఏడ్చాను, నిజంగా. చెల్లికి చెప్పండి, నాకు 17 ఏళ్ళప్పుడు అడగలేకపోయిన ప్రశ్న తను అడిగింది.

తెనాలి_టైటస్
4–8లో ఆ నాలుగు ఓట్లు ఎవరివో కానీ మంచివాళ్ళు.

మోజెస్_మాస్టారు
ఆ చెయ్యెత్తిన పెద్దాయనకి గుంటూరు నుంచి ఒక ముసలాయన వందనాలు చెప్పాడని చెప్పమ్మా. నా అభిప్రాయం మారిందని అనను. కానీ ఆయన పక్కన కూర్చుని మీ పిల్ల నేర్చుకుంటుంది, ఆయనా ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నట్టున్నాడు.

షార్లెట్_సుగుణ
చెబుతాను మాస్టారూ. ఇంకో సంగతి. యూత్ కమిటీ నుంచి తనని స్టీవార్డ్‌షిప్ కమిటీకి మార్చమని అడిగిందట, కానుకలూ బడ్జెట్టూ చూసే కమిటీ. మీరు రాసినవన్నీ నేను చదివి వినిపించాను, దానికి తెలుగు చదవడం అంతంతమాత్రం. ఆనంద్, నిన్నొకటి అడగమంది. మిజోరంలో సంఘానికి డబ్బు ఎలా వస్తుంది? పేద ఊళ్ళలో కూడా అన్ని గుళ్ళు ఎలా కట్టారు?

ఐజ్వాల్_ఆనంద్
చెల్లికి గుప్పెడు బియ్యం సంగతి చెప్పండి అక్కా. అక్కడ బుహ్‌ఫాయ్ థామ్ అంటారు, 1910 నుంచీ నడుస్తోంది. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఇంటావిడ అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సంఘంలోని స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తారు. దాన్ని అమ్మిన డబ్బు సంఘానికి, మిషన్ పనికి వెళ్తుంది. నా స్నేహితుడి ఇంట్లో ఆ డబ్బా పొయ్యి పక్కనే ఉండేది, మూత మీద మసి. వాళ్ళమ్మ ఒకసారి నా చేత వేయించింది.